రష్యా వారి పాలోళ్లు

ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లు తీసేయించే పని మా బూత్‌లో నాది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పడం అసలు కొలువు, ఇది కొసరు. ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడగడం ఎంత ఇబ్బందో అడిగినవాళ్లకే తెలుస్తుంది. కొందరు కసురుతారు, కొందరు కూర్చోబెట్టి చాయ్ పోసి ఏడుస్తారు. ఈసారి కాగితాలన్నీ పూర్తి చేశాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్క పేరు ముందు పెన్ను పట్టుకుని వారం రోజులుగా కూర్చుంటున్నాను. అది తీసేస్తే దానితోపాటు ఒక ఇంటిపేరు కూడా మా జాబితా నుంచి పోతుంది. ఆ ఇంటిపేరు రష్యా.

నవ్వొచ్చిందా? మొదటిసారి విన్నప్పుడు నాకూ వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. జనగామలో ఎవరూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు కూడా. అందరికీ ప్రెస్సు బాపు. శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్సులో సీసపు అక్షరాల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా పనిచేశాడు. అక్షరాలు పేర్చే పని పోయాక, తప్పులు దిద్దే పని మిగిలింది. సీసపు అక్షరాలను తిరగేసి చదివీ చదివీ ఆయన కళ్లు అదే చదువుకు అలవాటు పడ్డాయి. హోటల్లో ఎదుటివాడు చదువుతున్న పేపరును ఇవతలి నుంచి తలకిందులుగానే చదివేసేవాడు. వాడు పేజీ తిప్పబోతే "జర ఆగు, ఇంక రెండు లైన్లున్నయ్" అనేవాడు. వాడు బిత్తరపోయేవాడు.

కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరే అడిగేవాడు. పేరూ ఊరూ తరవాత. బడి వార్షికోత్సవం ఆహ్వానపత్రాల కోసం నేను మొదటిసారి ప్రెస్సుకు పోయినప్పుడూ అంతే. నా ఇంటిపేరు చెప్పగానే కళ్లజోడు నెత్తి మీదికి తోసి, "మీది దేవరుప్పుల దిక్కు. మీ తాతలు బాయిలు తవ్వెటోళ్లు గావాలె" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా తాతలు బావులు తవ్వేవాళ్లని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంటికి పోయి అమ్మను అడిగితే నిజమేనంది. మరునాడు పోయి, "మరి మీ ఇంటిపేరేంది బాపూ?" అని అడిగాను. చెప్పాడు. నేను ఫక్కున నవ్వాను. ఆయనేమీ చిన్నబుచ్చుకోలేదు.

"నవ్వుకో బిడ్డా. మా నాయినను సుత ఊరంత గట్లనే నవ్విన్రు. గా నవ్వే ఇంటిపేరయింది."

వాళ్ల నాయిన తరిగొప్పుల పక్క ఊళ్లో దొర దగ్గర జీతగాడు. పసితనంలోనే ఎవరో వదిలేసిపోతే గొడ్ల కొట్టంలో పెరిగాడు. అమ్మెవరో, నాయినెవరో, ఇంటిపేరేమిటో ఎవరికీ తెలియదు. దొరల మీద తిరగబడ్డ సంగం వచ్చిన రోజుల్లో రాత్రి పూట చెప్పే మాటలు విని, పగలు అవే అందరికీ చెప్పేవాడట. రష్యాలో దొర లేడట, రష్యాలో జీతగాడు లేడట, రష్యాలో పండించినోడే తింటడట. నాగలి పట్టినా అదే మాట, గొడ్లు కడిగినా అదే మాట. జనం 'రష్యా వచ్చిండు, రష్యా పోయిండు' అనడం మొదలుపెట్టారు. కొడుకు, అంటే బాపు, రెండేళ్లవాడై ఉండగా ఆ నాయిన జ్వరమొచ్చి పోయాడు. తరవాత కొడుకును బడిలో వేస్తే పంతులు ఇంటిపేరు అడిగాడు. తల్లికి ఏం చెప్పాలో తెలియలేదు. వెనకనుంచి పిల్లలంతా "రష్యోళ్లు సార్, రష్యోళ్లు" అని అరిచారు. పంతులు రాసేశాడు.

ఇందులో నవ్వుకోవడానికి ఉన్నదంతా ఇక్కడితో అయిపోతుంది.

మా దిక్కు పాలోళ్లని ఉంటారు. ఒకే ఇంటిపేరుతో ఒక తాత నుంచి చీలిపోయిన ఇళ్లవాళ్లు. పొలం గట్ల దగ్గర కొట్టుకునేదీ వాళ్లే, బాగుపడితే కళ్లలో నిప్పులు పోసుకునేదీ వాళ్లే. కానీ చావు వస్తే పాలోళ్లందరి ఇళ్లకూ ముట్టుడు తగులుతుంది. పదిరోజులు బొట్టు ఉండదు, గుడి ఉండదు, కుదిరిన పెళ్లి ఉన్నా ఆగిపోతుంది. మగవాళ్లు గుండ్లు చేయించుకుంటారు. తిట్టుకుంటూనే చేయించుకుంటారు. పాలోళ్ల మీద ఫిర్యాదులు లేని ఇల్లు మా జిల్లాలో దొరకదు. పాలోళ్లు లేరని ఫిర్యాదు చేసిన మనిషంటే మాత్రం నేను బాపునొక్కణ్నే చూశాను.

వయసులో ఉన్నప్పుడు ఆయనకు ఒక సంబంధం వచ్చిందట. పిల్ల తండ్రి "మీ పాలోళ్లు ఎవలు?" అని అడిగాడు. "ఎవలు లేరు" అన్నాడు ఈయన. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "రేపు మంచికి చెడ్డకు ఎవలు నిలబడతరు పటేలా?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ తరవాత మళ్లీ ఎవరూ రాలేదు, ఈయనా పోలేదు. ఊరందరి పెళ్లిపత్రికలూ అచ్చువేసిన మనిషి తన పత్రిక అచ్చువేసుకోలేదు.

అది నవ్వుతూనే చెప్పేవాడు. తల్లి సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది.

"మాయమ్మ సచ్చినప్పుడు ఊళ్లె ఒక్క పెండ్లి ఆగలే బిడ్డా. ఒక్కింట్ల బొట్టు తుడుసుకోలే. గుండు నాదొక్కటే. చూడొచ్చినోళ్లు సుత పోయేటప్పుడు 'పోయొస్తం' అని చెప్పి పోయిన్రు. సావింట్ల గట్ల చెప్పద్దని ఎవలకు యాదికి రాలే. గది సావిల్లు లెక్క అనిపియ్యలే వాళ్లకు."

నేనప్పుడు ఏదో ఓదార్పు మాట అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, అంటే పనికొచ్చే మాట కాదన్నమాట.

ఇంకో రష్యా ఎక్కడో ఉండకపోతాడా అని ఆయన ఆశ. వచ్చిన ప్రతి పెళ్లిపత్రికలోనూ వెతికేవాడు. కొత్తగూడ అడవుల్లో రష్యా అనే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే, మహబూబాబాద్‌లో బస్సు మారి అక్కడిదాకా పోయాడు. అది ఒకప్పటి దళంలో ఎవరికో పెట్టిన మారుపేరనీ, ఆ మనిషి ఎటు పోయాడో ఎవరికీ తెలియదనీ చెప్పి పంపారు. సీసాడు తేనె పట్టుకుని తిరిగొచ్చాడు. "పాలోళ్లు దొరకలే గని తేనె మంచిగున్నది" అని నాకు సగం పోశాడు.

నాకు బూత్ పని అంటగట్టాక, కొత్త జాబితా వచ్చిందని తెలిస్తే చాలు, బడి గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. వరండాలో కూర్చుని ఒక్కో పేరు మీద వేలు జరుపుతూ మొత్తం చదివేవాడు. "ఏం బాపూ, రష్యాకు వీసా వచ్చిందా?" అని ఏడిపించేదాన్ని. "లైన్ల ఉన్న బిడ్డా" అనేవాడు. వరసగా అయిదేళ్లు ఆ మాటే అన్నాను. ఆయన జవాబూ అదే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకసారి ఆయన వేలు జరుపుతూ జరుపుతూ వరండాలోనే కునికిపాటు పడ్డాడు. వేలు మాత్రం వరస మీద నుంచి తీయలేదు. ఆ రాత్రి నాకు తెలిసిన ప్రతి టీచరుకూ ఫోన్లో మెసేజి పెట్టాను, మీ జాబితాలో ఈ ఇంటిపేరు ఉందేమో చూడమని. మూడో రోజు భూపాలపల్లి నుంచి, నాతో ట్రైనింగు చేసిన అమ్మాయి ఒక ఫోటో పంపింది. రష్యా ఇంటిపేరుతో ఒకే ఇంట్లో ముగ్గురు. భార్య, భర్త, కూతురు.

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో చివరి వరసలో ఆ ఇల్లు. తలుపు పక్కన గోడ మీద ఆకుపచ్చ రంగుతో ఇంటాయన పేరు రాసి ఉంది, ముందు రష్యా అని. బాపు దాని ముందు ఆగిపోయాడు. "జర నువ్వు సదువు బిడ్డా. నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. నేను పైకి చదివాను. నా గొంతు విని ఇంటాయన బయటికి వచ్చాడు. ఆయనకు యాభై దాటాయి, బాయిలో పని.

కూర్చుని కథలు చెప్పుకున్నాక తేలిందేమిటంటే, వీళ్ల రష్యా వేరు, బాపు రష్యా వేరు. ఈ ఇంటాయన తండ్రి ఎర్రజెండా పార్టీలో ఉండి కులం కాని పిల్లను పెళ్లి చేసుకున్నాడు. అన్నదమ్ములు వెళ్లగొట్టారు. ఆ తండ్రి వాళ్ల ఇంటిపేరును వాళ్లకే వదిలేశాడు. గుడిసె గోడలకు సందుల్లేకుండా రష్యా నుంచి వచ్చే రంగు పుస్తకాల కాగితాలు అంటించాడు. జనం దాన్ని రష్యా ఇల్లు అన్నారు, ఇంట్లో వాళ్లను రష్యోళ్లు అన్నారు. అంతే. రెండు ఇళ్లకూ నెత్తురు సంబంధం ఆవగింజంత లేదు.

బాపు ముఖం చూసి నాకు భయమేసింది. అంత దూరం తీసుకొచ్చింది నేను. చివరికి ఆయన తువ్వాలు సర్దుకుంటూ లేచి, "పరేషాన్ చేసినం. ఏమనుకోకున్రి" అన్నాడు.

ఇంటాయన లేవలేదు. "మీ నాయిన మా నాయినను ఎన్నడు చూసి ఉండడు. అయితేంది?" అన్నాడు. "ఇద్దరిని ఒక్కటే పేరు పెట్టి ఎక్కిరిచ్చిన్రు. గంతకన్న దగ్గరితనం ఏం గావాలె? మా నాయిన పోయినప్పుడు నాది సుత ఒక్క గుండే. కూసో పెద్దబాపు, బువ్వ తిని పోదువు."

జనగామంతా ఆయన్ను బాపు అనేది. అది అలవాటు మాట, కూరగాయలమ్మేవాళ్లను కూడా అంటాం. పెదనాన్న వరస కలిపి పెద్దబాపు అన్నది ఆ ఒక్క మనిషే. బాపు మళ్లీ కూర్చున్నాడు. ఇంటామె అన్నం పెడితే కంచంలోకి వంగి తింటూనే ఉన్నాడు, చాలాసేపటిదాకా తలెత్తలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హఠాత్తుగా అన్నాడు: "ఇప్పుడు నేను సస్తే భూపాలపల్లిల ముట్టుడు బిడ్డా."

"అదేం సంబురం బాపూ?" అని కసిరాను.

"నీకేం తెలుస్తది. మీ పాలోళ్లు పదహారిండ్లు." ఆ సంబరం జనగామ దాకా తగ్గలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో కూతురి పెళ్లి కుదిరింది. పత్రికలు పెద్దబాపు ప్రెస్సులోనే వేయించాలని ఇంటాయన పట్టుబట్టాడు. జీవితంలో మొదటిసారి బాపు 'రష్యా వారి' అనే మాటను పత్రికలో దిద్దాడు. ఆ నమూనా కాగితం పట్టుకుని బడికి వచ్చాడు. నాకు చూపించి మురిసిపోవడానికనుకున్నాను. పెద్దల పేర్లలో మొట్టమొదట ఆయన పేరు ఉంది. దాని మీద ఎర్రపెన్నుతో గీత ఉంది.

"ఇదేంది, నీ పేరే కొట్టేసుకున్నవు?"

"పెద్ద దవాఖానల చూపిచ్చుకున్న. ఎక్కువ రోజులు లేవన్నరు." రేపు సెలవని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "పత్రికల పేరుంటే నేను పాలోన్నని వియ్యాలోళ్లకు ఎరుకైతది. నడుమల నేను పోతే పెండ్లి ఆపుతరు. సావు అడ్డమొచ్చిన పెండ్లని పిల్లకు మాట పడతది. పేరు లేకుంటే ఏ బాధ లేదు. ఇగ నువ్వు ఒట్టు పెట్టు. నేను పోయిన సంగతి పందిరి ఇప్పేదాక వాళ్లకు చెప్పనని."

తల్లి చావుకు ఒక్క పెళ్లీ ఆగలేదని జన్మంతా కుమిలిన మనిషి, తన చావుకు ఆగే పెళ్లి ఒకటి దొరికాక దాన్ని ఆగనివ్వనన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒట్టు పెట్టాను.

పెళ్లి ఆరు రోజులుందనగా పోయాడు. ప్రెస్సు వెనక ఆయన అద్దె గది. తెల్లారి చాయ్ తెచ్చినవాళ్లు చూసి చెప్పారు. ప్రెస్సు సేటు కొరివి పట్టుకున్నాడు. మా దిక్కు ఆడవాళ్లు కాటికి పోరు. నేను పోయాను. పోయేవాళ్లే పదిమంది లేనప్పుడు ఆడా మగా ఏమిటి? చితి అంటుకున్నాక నా సంచిలో ఆయన ఫోను మోగింది. భూపాలపల్లి. ప్రతి ఆదివారం ఆ వేళకు చేస్తారని నాకు తెలుసు. ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. మరునాడు నేనే చేసి, బాపుకు గొంతు పట్టేసింది, మాట్లాడలేడని అబద్ధం చెప్పాను.

గదికి వచ్చినవాళ్లు వచ్చారు, నిలబడ్డారు. పోయేటప్పుడు ఒక్కొక్కరూ నావైపు తిరిగి "పోయొస్తం టీచరమ్మా" అన్నారు. అందరూ మంచివాళ్లే. ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. నేను తలుపుకు తాళం వేశాను.

పెళ్లికి పోయాను. పోకపోతే అనుమానం వస్తుంది. "పెద్దబాపు ఏడి?" అని ఇంటాయన ఎదురొచ్చి అడిగాడు. మోకాళ్లు లేవట్లేదన్నాను. "పత్రికల ఆయన పేరే లేకపాయె, ప్రెస్సోళ్లు మరిచిన్రా?" అన్నాడు. అవునన్నాను. తలంబ్రాల వేళ అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. బయల్దేరుతుంటే ఇంటామె ఒక కవరు నా చేతిలో పెట్టింది. కొత్త పంచె, కండువా, అంచుకు పసుపు బొట్టు. "ఇంటి పెద్దకు పెట్టే బట్టలు. నా పేరు చెప్పి కట్టుకొమ్మను" అంది. బస్సులో ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మోయలేనంత బరువనిపించింది.

వారం తరవాత ఫోనుచేసి పందిరి విప్పారని తెలుసుకుని మళ్లీ పోయాను. గడపకు మామిడి తోరణం ఇంకా ఉంది, ఎండిపోయింది. తలుపు తీసిన ఇంటాయన ముందు నా ముఖం చూశాడు, తరవాత నా చేతిలోని కవరు చూశాడు. మడత విప్పని బట్టలు. నేను నోరు తెరవనక్కరలేకపోయింది.

"ఎన్నడు?" అన్నాడు.

"పెండ్లికి ఆరొద్దుల ముందు."

"కొరివి ఎవలు వట్టిన్రు?"

"ప్రెస్సు సేటు."

"గుండు?"

"ఎవలు చేయించుకోలే అన్నా. నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. పిల్ల పెండ్లి ఆగద్దని."

ఆయన గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. "ఆయన ముసలోడు, ఆయన చెప్పిండు. నువ్వెట్ల ఇంటివి టీచరమ్మా? నా పెద్దబాపును పరాయోళ్ల లెక్క కాలబెడితిరి" అన్నాడు. ఆ మాట నాకు తగిలింది, తగలవలసిన చోటే.

ఆ తరవాత వాళ్లు పనిలో పడ్డారు. ఇంటామె స్టూలు వేసుకుని తోరణం తెంపింది, కొంగుతో నుదుటి బొట్టు తుడుచుకుంది. కూతురి పెళ్లికి కట్టిన రంగు కాగితాలు కూడా లాగేసింది. ఇంటాయన ఫోనుచేసి మంగలాయన్ను పిలిపించాడు. "ఎన్నొద్దులైనా సరే. సావు ఇన్నకాడికెల్లి ముట్టుడు లెక్క" అని ఎవరూ అడగకుండానే అన్నాడు. వాకిట్లో పీట మీద కూర్చుని తల వంచాడు. వెంట్రుకలు రాలుతున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాడు. పక్క ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడవార నిలబడి, ఎవరు పోయారని గుసగుసగా అడుగుతున్నారు. "మా మామ వరస. మా ఇంటి పెద్ద" అని ఇంటామె చెబుతోంది. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, మళ్లీ మళ్లీ చెబుతోంది.

బస్సు వేళయింది. పీట దగ్గరికి పోయి కాసేపు నిలబడి, ఎప్పటి అలవాటు కొద్దీ ఇంటామె వైపు తిరిగాను.

"పోయొస్త అక్కా."

ఆమె చప్పున నా చేయి పట్టుకుంది. "గట్ల అనద్దు టీచరమ్మా. సావిల్లు ఇది. చెప్పకుంట పోవాలె."

చెప్పకుండానే వాకిలి దాటాను.